షెర్ 'బిలీవ్': 52 ఏళ్ల వయసులో నంబర్ వన్. ఘనత గొంతుదా, యంత్రానిదా?

వాసు_బెజవాడ | శనివారం, రాత్రి 9:12

ఈ వేదికలో మడోనా మీద చర్చ ఉంది, ఆబా మీద ఉంది, మైకేల్ జాక్సన్ మీద లెక్కలేనన్ని ఉన్నాయి. షెర్ మీద ఒక్కటీ లేదు. ఆ లోటు తీరాలనే ఇది మొదలుపెడుతున్నా.

తెలియనివాళ్ల కోసం కాస్త ముందు కథ. షెర్ అమెరికన్ గాయని, 1946లో పుట్టింది. 1965లో సోనీ బోనోతో జంటగా పాడిన 'ఐ గాట్ యూ బేబ్' అటు అమెరికాలో, ఇటు బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. డెబ్బైల్లో ఇద్దరూ కలిసి టీవీ షో నడిపారు, ఆమె సొంతంగానూ హిట్లు ఇచ్చింది. 1974లో 'డార్క్ లేడీ' తర్వాత అమెరికా ప్రధాన చార్టులో మళ్లీ మొదటి స్థానం దక్కలేదు. సినిమాల్లోకి వెళ్లి 'మూన్‌స్ట్రక్'కి 1988లో ఆస్కార్ తెచ్చుకుంది. తొంభైల మొదట్లో ఆరోగ్యం దెబ్బతింది. ఆ రోజుల్లో జుట్టుకు రాసుకునే ఉత్పత్తుల గురించి టీవీలో అరగంట ప్రకటనలు చేస్తే అక్కడి కామెడీ షోలవాళ్లు ఏడిపించి వదిలారు. ఇక ఆమె పని అయిపోయిందన్నారు.

1998 జనవరిలో సోనీ బోనో స్కీయింగ్ చేస్తూ చెట్టుకు గుద్దుకుని చనిపోయాడు. వాళ్లిద్దరికీ విడాకులై అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. అయినా అంత్యక్రియల్లో ఆమే నిలబడి, ఏడుస్తూనే అతని గురించి మాట్లాడింది. అదే ఏడాది అక్టోబరులో 'బిలీవ్' పాట వచ్చింది. బ్రిటన్‌లో వరుసగా ఏడు వారాలు నంబర్ వన్. 1999 మార్చిలో అమెరికాలో నాలుగు వారాలు. అప్పుడామెకి 52.

ఇప్పుడు అసలు విషయం. ఈ పాట పేరెత్తితే చాలు, "అదంతా ఆటోట్యూనే (గొంతు శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్) కదా" అని కొట్టిపారేసేవాళ్లు నాకు ఎప్పుడూ ఎదురవుతుంటారు. నేను ఒప్పుకోను. మీరేమంటారు?

రాగమాలిక | శనివారం, రాత్రి 9:40

వాసు గారూ, నేను కర్ణాటక సంగీతం నేర్పుతాను, కాబట్టి నా మాట కాస్త కఠినంగా ఉంటే ఏమీ అనుకోవద్దు. గొంతును యంత్రంతో సరిచేయడం నాకు నచ్చదు. మాకు స్వరం అంటే ఒక చుక్క కాదు. తోడి రాగంలో గాంధారం నిలకడగా ఒకచోట ఉండదు, ఊగుతుంది. ఆ ఊగడమే రాగం. ఆ యంత్రం ఏం చేస్తుంది? దగ్గర్లో ఉన్న స్థానానికి లాగి అక్కడ కట్టేస్తుంది. ఆ ఊపు, అంటే గమకం, చచ్చిపోతుంది. 'బిలీవ్'లో వినిపించే ఆ విరుపు అదేగా?

సౌండ్ శీను | శనివారం, రాత్రి 10:05

రాగమాలిక మేడమ్ చెప్పింది సాంకేతికంగా కరెక్టే. నేను హైదరాబాద్‌లో రికార్డింగ్ స్టూడియోలో పనిచేస్తాను, పిచ్ కరెక్షన్ మాకు రోజూ ఉండే పని. కానీ 'బిలీవ్'లో జరిగింది సరిచేయడం కాదు. అక్కడే అందరూ పొరబడతారు.

ఆటోట్యూన్‌లో రీట్యూన్ స్పీడ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. పాడిన శ్రుతికి, ఉండాల్సిన శ్రుతికి తేడా వస్తే ఎంత తొందరగా లాగాలో అది నిర్ణయిస్తుంది. కొన్ని పదుల మిల్లీసెకన్ల దగ్గర పెడితే గొంతు సహజంగా జారి సరైన చోటికి వస్తుంది, వినేవాళ్లకి తేడా తెలియదు. సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ల ఉద్దేశం కూడా అదే. దాన్ని పూర్తిగా సున్నాకి తెస్తే గొంతుకి జారడానికి సమయమే ఉండదు. ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి మెట్లెక్కినట్టు దూకుతుంది. ఆ దూకడమే మనకి వినపడే విరుపు.

అంటే ఇది తప్పు పాడితే దాచడానికి పెట్టింది కాదు. దాచాలనుకునేవాడెవడూ సున్నా దగ్గర పెట్టడు, ఎందుకంటే అప్పుడే అందరికీ దొరికిపోతుంది.

ఇంకో సంగతి. హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. ఆ ఎఫెక్ట్ గట్టిగా పడేది చరణాల్లో కొన్ని మాటల మీదే. పల్లవి ఎత్తుకునేసరికి గొంతు నిండుగా, బరువుగా ఆమెదే వస్తుంది. ఈ రెండింటి మధ్య తేడానే పాటని నడిపిస్తోంది. చరణంలో మనిషి బిగుసుకుపోయినట్టుంటుంది, పల్లవిలో తెంచుకుని బయటపడుతుంది. మొత్తం పాట మీద అదే ఎఫెక్ట్ పెట్టి ఉంటే రెండు నెలల్లో మర్చిపోయేవాళ్లం.

చందు99 | శనివారం, రాత్రి 10:21

శీను అన్నా, చాలా బాగా చెప్పారు. నాకు ఆటోట్యూన్ అంటే ర్యాప్ పాటలే గుర్తొస్తాయి. 1998లోనే ఆ సాఫ్ట్‌వేర్ ఉందా? ఎవరు చేశారు?

కోనసీమ సత్యం | ఆదివారం, ఉదయం 6:35

చందూ, దీనికి నేను చెప్పగలను నాయనా. ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ చేసినాయన మా వృత్తిలోంచి వచ్చినవాడు.

ఆయన పేరు ఆండీ హిల్డెబ్రాండ్. అమెరికాలో చమురు అన్వేషణ రంగంలో పనిచేశాడు, మొదట ఎక్సాన్‌లో, తర్వాత ల్యాండ్‌మార్క్ గ్రాఫిక్స్ అని సొంత కంపెనీ పెట్టి. భూమి లోపల పొరలు ఎలా ఉన్నాయో కనిపెట్టే సీస్మిక్ డేటా ఆయన ప్రత్యేకత. స్వతహాగా వేణువు వాయించేవాడు కూడా. ఆ రంగం వదిలి సంగీతంలోకి వచ్చి ఆంటారెస్ కంపెనీ నుంచి 1997లో ఆటోట్యూన్ తెచ్చాడు.

నేను కృష్ణా గోదావరి బేసిన్‌లో సీస్మిక్ సర్వేలో చాలా ఏళ్లు చేసి రిటైర్ అయ్యాను. పని ఎలా ఉంటుందంటే, చేలల్లో వరసగా జియోఫోన్లు (నేల అదురును పట్టే పరికరాలు) గుచ్చుకుంటూ పోతాం. ఇటు భూమిలో బోరు వేసి మందు పెట్టి పేలుస్తాం. ఆ అదురు కిందికి పోయి, ఒక్కో పొరకి తగిలి, వెనక్కి వస్తుంది. పైన ట్రక్కులో అది గీతలుగా నమోదవుతుంది. వచ్చిన గీతల్లో అసలు ప్రతిధ్వని ఏది, మధ్యలో అటూ ఇటూ కొట్టుకుని మళ్లీ మళ్లీ వచ్చినది ఏది అని విడదీయాలి. దానికి వాడే లెక్కల్లో ఒకటి ఆటోకోరిలేషన్. ఒక తరంగాన్ని తీసుకుని, దాన్నే కొద్దికొద్దిగా పక్కకి జరుపుతూ దానితోనే పోల్చి చూడటం. ఎంత జరిపితే మళ్లీ అచ్చంగా సరిపోతుందో అదే దాని ఆవృత్తి కాలం.

గొంతుకీ ఇదే లెక్క. సెకనుకి 200 సార్లు కంపించే స్వరం పాడారనుకో, ప్రతి 5 మిల్లీసెకన్లకి తరంగం తనని తాను పోలి ఉంటుంది. ఆ 5 దొరికితే శ్రుతి దొరికినట్టే. ఇది పాడుతుండగానే కంప్యూటర్ కనిపెట్టాలంటే లెక్కని చాలా తేలిక చేయాలి. హిల్డెబ్రాండ్ చేసిన గొప్ప పని అది.

చేలగట్ల మీద వైర్లు లాగిన మాకు, అదే గణితం డ్యాన్స్ పాటలో పలుకుతోందని తెలిసిన రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అప్పటి నుంచి ఆ పాట నాకూ ఇష్టమే.

చందు99 | ఆదివారం, ఉదయం 9:10

సత్యం తాతగారూ, దండం. ఇంజినీరింగ్‌లో ఆటోకోరిలేషన్ చదివాను, పరీక్ష రాసి మర్చిపోయాను. ఇలా చెప్పి ఉంటే జన్మలో మర్చిపోయేవాడిని కాదు.

శారద_డల్లాస్ | ఆదివారం, ఉదయం 10:48

లెక్కలూ యంత్రాలూ అయ్యాయి కదా, ఇప్పుడు మనిషి గురించి చెప్తాను. నాకు షెర్ అంటే ప్రాణం అండి, ముందే చెప్పేస్తున్నా.

1999లో న్యూయార్క్ టైమ్స్‌లో ఈ పాట తయారీ గురించి వివరంగా వచ్చింది. దాన్ని బట్టి చూస్తే ఇది అరచేతిలోకి ఊడిపడిన హిట్ కాదు. పల్లవి ఎప్పటి నుంచో ఉంది, బ్రయన్ హిగ్గిన్స్ అనే ఆయన రాసుకున్నది. అందరికీ పల్లవి నచ్చేది, చరణాలు నచ్చేవి కావు. అప్పటి వార్నర్ యూకే రికార్డు కంపెనీ అధిపతి రాబ్ డికిన్స్ దాన్ని వదలకుండా ఒకరి తర్వాత ఒకరి చేత తిరగరాయించాడు. అందుకే రచయితలుగా ఆరుగురి పేర్లు ఉంటాయి.

మొదట షెర్‌కి డ్యాన్స్ ఆల్బమ్ చేయడమే ఇష్టం లేదు. వాటిల్లో బీటు తప్ప పాట ఉండదని ఆమె బాధ. లండన్ శివార్లలో కింగ్‌స్టన్‌లో ఉన్న చిన్న స్టూడియోలో రికార్డింగ్. చరణం ఎన్నిసార్లు పాడినా ప్రొడ్యూసర్ మార్క్ టేలర్‌కి తృప్తి లేదు. ఇంకా బాగా, ఇంకా బాగా అంటున్నాడు. ఇంతకన్నా బాగా కావాలంటే వేరే గాయనిని చూసుకో అని ఆమె విసురుగా వెళ్లిపోయింది!

ఆ తర్వాత ఆమె బ్రిటిష్ గాయకుడు రోచ్‌ఫర్డ్ పాట ఒకటి విన్నది, గొంతు మీద వోకోడర్ (గొంతును యంత్రం మాట్లాడినట్టు మార్చే పరికరం) లాంటి ఎఫెక్ట్ ఉన్నది. మనమూ అలాంటిదేదైనా చేద్దామా అని అడిగింది. ఈలోగా టేలర్ కొత్తగా వచ్చిన ఆటోట్యూన్‌తో ఆమె గొంతు మీద ఆడుకుంటూ ఈ శబ్దాన్ని పట్టాడు. వినిపించడానికి కూడా భయపడ్డాడట, ఆమె గొంతును చెడగొట్టాడని కోప్పడుతుందేమోనని. ఆమె విని గంతులేసింది. రికార్డు కంపెనీ వాళ్లేమో అది తీసేయమన్నారు. ఆమె నేను చచ్చాకే తీస్తారు అని తెగేసి చెప్పింది.

ఇప్పుడు చెప్పండి. గొంతులో తనే కొత్తదనం కోరింది. తీసేయమంటే ఒప్పుకోలేదు. 52 ఏళ్ల గాయని, మూడు దశాబ్దాలుగా జనం గుర్తుపట్టే గొంతు ఆమెది. ఆ గొంతునే గుర్తుపట్టలేనట్టు మార్చి వదలడానికి ఎంత ధైర్యం కావాలి? నా దృష్టిలో ఈ పాటలో అన్నిటికన్నా పెద్ద విషయం అదే.

నీలిమ_లండన్ | ఆదివారం, మధ్యాహ్నం 3:30

శారద అక్కా, మీరు వయసు గురించి చెప్పారు కాబట్టి ఇక్కడి రేడియో సంగతి చెప్పాలి. ఎందుకంటే బ్రిటన్‌లో వయసు మీద పడిన గాయకులకి అడ్డంకి గొంతు కాదు, రేడియో ప్లేలిస్టు.

బీబీసీ రేడియో 1 లక్ష్యం యువత, 15 నుంచి 29 ఏళ్ల వాళ్లు. కాస్త వయసైన కళాకారులను రేడియో 2కి పంపేస్తారు. 'బిలీవ్' వచ్చిన అదే 1998లో ఇక్కడి సీనియర్ గాయకుడు క్లిఫ్ రిచర్డ్ ఏం చేశాడో తెలుసా? తన కొత్త పాట డ్యాన్స్ రీమిక్స్‌ని పేరు లేని తెల్ల లేబుల్ రికార్డు మీద 'బ్లాక్‌నైట్' అనే మారుపేరుతో స్టేషన్లకి పంపించాడు. కుర్రకారు స్టేషన్లు వేశాయి. పాడింది క్లిఫ్ అని తెలిశాక ఆపేశాయి. పాట మారలేదు, గొంతు మారలేదు. తెలిసిందల్లా పేరే.

2023లో గాయని కైలీ మినోగ్ విషయంలోనూ ఇదే గొడవ. మేలో 'పదమ్ పదమ్' విడుదలైంది, కొద్ది రోజుల్లో ఆమెకి 55 నిండాయి. క్లబ్బుల్లో, ఫోన్లలో ఎక్కడ చూసినా అదే పాట. రేడియో 1 మాత్రం మొదట్లో పక్కన పెట్టింది. ఇక్కడ పత్రికల్లో పెద్ద రచ్చ అయింది. చివరికి చార్టులో 8వ స్థానం దాకా వెళ్లింది, 2011 తర్వాత బ్రిటన్‌లో ఆమెకి అదే మొదటి టాప్ టెన్. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో గ్రామీ, బెస్ట్ పాప్ డ్యాన్స్ రికార్డింగ్ అని ఆ ఏడే కొత్తగా పెట్టిన విభాగంలో. అంతకుముందు 2004లో వచ్చిన గ్రామీ తర్వాత ఆమెకి అది రెండోది.

షెర్‌కి 1998లో దారి ఎందుకు దొరికిందంటే ఆ శబ్దం అప్పటిదాకా ఎవరూ విననిది. రేడియోవాళ్లు దాన్ని పాతదని పక్కన పెట్టలేకపోయారు.

బాలు_వైజాగ్ | ఆదివారం, సాయంత్రం 5:02

నా ఓటు మడోనాకే. 2005లో 'హంగ్ అప్'. ఆగస్టులో తన 47వ పుట్టినరోజున గుర్రం మీంచి పడి ఎముకలు విరగ్గొట్టుకుంది. అక్టోబరు కల్లా పాట బయటికి వచ్చింది, వీడియోలో నాట్యం చూస్తే నమ్మలేం. ఆబా వాళ్లు తమ పాట ముక్క వాడుకోవడానికి ఎవరికీ సులువుగా ఒప్పుకోరు, ఆమె ఒప్పించింది. 41 దేశాల్లో నంబర్ వన్ అని గిన్నిస్ లెక్క.

వాసు_బెజవాడ | ఆదివారం, సాయంత్రం 5:25

బాలు గారూ, 'హంగ్ అప్' గొప్ప పాటే, ఒప్పుకుంటా. కానీ మడోనా ఎప్పుడు కనపడకుండా పోయింది? అంతకుముందు ఆల్బమ్ అమెరికాలో కాస్త దెబ్బతిన్నది, అంతే. తిరిగి రావడం అంటే ముందు జనం వదిలేసి ఉండాలి కదా. షెర్‌కి అమెరికాలో రెండు నంబర్ వన్‌ల మధ్య పాతికేళ్లు. ఆ చార్టులో మొదటి స్థానానికి వచ్చిన మహిళల్లో అప్పటివరకు అంత వయసు ఎవరికీ లేదు. పైగా 1999 ఏడాది మొత్తానికి బిల్‌బోర్డ్ (అమెరికా పాటల చార్టులు వేసే పత్రిక) నంబర్ వన్ పాట అదే. బ్రిటన్‌లోనైతే ఒక గాయని సొంతంగా పాడిన సింగిల్స్‌లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైనది ఇప్పటికీ 'బిలీవే'.

కిరణ్_సిడ్నీ | ఆదివారం, రాత్రి 8:15

ఇంతసేపూ ఎవరూ ఎత్తని మాట ఒకటి నేను చెప్తా. వాసు గారూ, జనం వదిలేశారన్నారు. అందరూ వదలలేదు.

నేను గేని. మా వాళ్లు షెర్‌ని ఎప్పుడూ వదల్లేదు. 1979లో 'టేక్ మీ హోమ్' అని డిస్కో పాట చేసింది, అప్పటి నుంచీ మా క్లబ్బుల్లో ఆమె ఉంటూనే ఉంది. రేడియో వేయకపోయినా, టీవీ నవ్వినా, మా డ్యాన్స్ ఫ్లోర్ మీద ఆమె పాట మోగేది. రాబ్ డికిన్స్ ఆమెని డ్యాన్స్ ఆల్బమ్ చేయమన్నది కూడా ఈ అభిమానులను దృష్టిలో పెట్టుకునే. అంటే కంపెనీకి తెలుసు, ఆమె కోసం ఎదురుచూసే జనం ఎక్కడ ఉన్నారో.

ఆ పాటలో చెప్పేది కూడా చూడండి. వదిలేసి వెళ్లిపోయినవాడి కోసం ఏడ్చి ఏడ్చి, చివరికి నేను నిలబడగలను అనుకోవడం. ఇంట్లోంచి గెంటేస్తే బతుకు మళ్లీ మొదలుపెట్టినవాళ్లకి అది ప్రేమ పాట ఒక్కటే కాదు. తొంభైల చివర ఎయిడ్స్‌తో స్నేహితులను పోగొట్టుకుని మిగిలినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరు నాకు పెద్దన్నల్లాంటివాళ్లు. ఆ పాట మొదలైతే వాళ్లు కుర్చీలో ఉండలేరు.

2018లో సిడ్నీ మార్డి గ్రా (ఇక్కడ మా వాళ్ల పెద్ద ఉత్సవం) పార్టీలో ఆమె వచ్చి పాడింది. అప్పటికి 71 ఏళ్లు. అంతకుముందు ఏడాదే ఆస్ట్రేలియాలో మా వాళ్లకి పెళ్లి హక్కు వచ్చింది. ఆ రాత్రి నేను అక్కడున్నాను. 'బిలీవ్' పల్లవి వచ్చేసరికి ఆమె గొంతు నాకు వినపడలేదు, చుట్టూ వేలమంది పాడేస్తున్నారు. పక్కనున్న ముసలాయన నా భుజం పట్టుకుని పాడుతున్నాడు, ఎవరో నాకు తెలియదు.

శారద_డల్లాస్ | ఆదివారం, రాత్రి 8:40

కిరణ్, నువ్వు ఇది రాసినందుకు చాలా సంతోషంగా ఉంది నాన్నా.

నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 9:00

ఈ చర్చలోంచి మూడు వ్యాఖ్యలు తొలగించాం. ఒకటి కిరణ్ గారిని ఉద్దేశించినది, రెండు షెర్ వయసు మీద, మొహానికి చేయించుకున్న సర్జరీల మీద. పాట గురించి ఎంత ఘాటుగానైనా విమర్శించండి. మనుషుల మీద ఇలా రాస్తే ఇక్కడ ఉంచం.

రాగమాలిక | సోమవారం, ఉదయం 7:20

శీను గారు చెప్పినట్టు హెడ్‌ఫోన్ పెట్టుకుని శ్రద్ధగా విన్నాను. రెండు మాటలు.

మొదటిది, ఆమె గొంతు మంద్రంలో చాలా బలంగా ఉంది. మామూలుగా ఇలాంటి పాటలు సన్నటి పై గొంతుల కోసం కడతారు. ఈమె గొంతు కింది స్థాయిలో మొదలై పల్లవిలో పైకి వచ్చినా ఆ బరువు పోలేదు. ఇది సాధనతో వచ్చినది, ఏ యంత్రమూ ఇవ్వలేదు. అక్షరం పలికే తీరు కూడా తనదే, కొన్ని అచ్చులను వెడల్పుగా లాగుతుంది.

రెండోది, నా అభ్యంతరం అలాగే ఉంది. ఈ పాటలో అది అలంకారమని ఒప్పుకుంటా. తర్వాత వచ్చినవాళ్లకి అది ఊతకర్ర అయింది. నా దగ్గరికి వచ్చే పిల్లలు రెండు నెలలు నేర్చుకుని రికార్డింగ్‌కి వెళ్లిపోతున్నారు, శ్రుతి తప్పితే అక్కడ చూసుకుంటారులే అని. దానికి షెర్‌ని తప్పుపట్టను. కానీ ఆ తేడా పిల్లలకి ఎవరో ఒకరు చెప్పాలి. శీను గారూ, మీ స్టూడియోలో మీరు చెప్తారా?

సౌండ్ శీను | సోమవారం, మధ్యాహ్నం 1:15

చెప్తాను మేడమ్. బయట చెప్పని నిజం ఒకటి ఏంటంటే, బాగా పాడినవాళ్ల గొంతు మీదే ఆటోట్యూన్ బాగా పనిచేస్తుంది. శ్రుతి మరీ అటూ ఇటూ అయితే అది ఏ స్వరానికి లాగాలో తెలియక పక్క స్వరానికి లాగేస్తుంది, గొంతు గరగరలాడుతుంది. మన పాటల్లో గమకం ఉన్నచోట నేనైతే ఆపేస్తాను. ఆ ముక్కని గాయకుల చేత మళ్లీ పాడిస్తాను. సమయం పడుతుంది, ప్రొడ్యూసర్ విసుక్కుంటాడు, అయినా అదే సరైన పద్ధతి.

ఇంకో సంగతి చెప్పాలి, మా వృత్తివాళ్లందరికీ ఇష్టమైన కథ. 1999 మొదట్లో సౌండ్ ఆన్ సౌండ్ పత్రిక ఈ పాట రికార్డింగ్ గురించి మార్క్ టేలర్‌ని వివరంగా అడిగింది. ఆ గొంతు ఎఫెక్ట్ ఎలా వచ్చిందంటే ఆయన డిజిటెక్ టాకర్ అనే వోకోడర్ పెడల్ పేరు చెప్పాడు. ఆటోట్యూన్ పేరే ఎత్తలేదు! రహస్యం బయటపడితే మర్నాటి నుంచి ప్రతి స్టూడియోలో అదే చేస్తారని. ప్రపంచమంతా ఇంజినీర్లు ఆ పెడల్ పెట్టి ప్రయత్నించారు, ఆ శబ్దం రాలేదు. తర్వాత నిజం బయటికి వచ్చింది. డాఫ్ట్ పంక్ వాడారు, టీ-పెయిన్ దాని మీదే పేరు తెచ్చుకున్నాడు, కాన్యే వెస్ట్ 2008లో ఒక ఆల్బమ్ మొత్తం దాని మీదే నడిపాడు. కొన్నాళ్లపాటు స్టూడియోల్లో దాన్ని 'షెర్ ఎఫెక్ట్' అనే పిలిచేవాళ్లు.

బాలు_వైజాగ్ | సోమవారం, సాయంత్రం 6:30

సరే, మడోనా అభిమానిగానే ఒక ప్రశ్న. 'బిలీవ్' తర్వాత ఏమైంది? ఒక్క పాటతో ఆగిపోతే దాన్ని పునరాగమనం అనవచ్చా?

వాసు_బెజవాడ | సోమవారం, సాయంత్రం 7:05

ఆగలేదు. బ్రిటన్‌లో పాట ఎక్కాక, ఇంకా అమెరికాలో నంబర్ వన్ కాకముందే, 1999 జనవరి చివర్లో మయామీలో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్)లో జాతీయ గీతం పాడే అవకాశం ఆమెకి వచ్చింది. 2000లో గ్రామీ, బెస్ట్ డ్యాన్స్ రికార్డింగ్. ఇన్నేళ్ల జీవితంలో ఆమెకి అదే మొదటి గ్రామీ అంటే నమ్ముతారా? 2002లో మొదలుపెట్టిన వీడ్కోలు యాత్ర 2005 దాకా సాగింది, 300 పైచిలుకు కచేరీలు. వీడ్కోలు అని చెప్పినా ఆ తర్వాత కూడా పాడుతూనే ఉంది. 2023లో 77 ఏళ్ల వయసులో క్రిస్మస్ కోసం ఇంకో డ్యాన్స్ పాట చేసింది, అదీ ఒక బిల్‌బోర్డ్ డ్యాన్స్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. దాంతో అరవైల నుంచి వరుసగా ఏడు దశాబ్దాల్లో ఏదో ఒక బిల్‌బోర్డ్ చార్టులో నంబర్ వన్ ఉన్న గాయని అయింది. 2024లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. అది ఎప్పుడో ఇవ్వాల్సిన గౌరవం.

బాలు_వైజాగ్ | సోమవారం, సాయంత్రం 7:18

ఇంకేం మాట్లాడను. ప్లేలిస్టులో చేర్చాను.

నీలిమ_లండన్ | సోమవారం, రాత్రి 10:10

అదే 2023లో డిసెంబరులో అమెరికన్ గాయని బ్రెండా లీ 78 ఏళ్ల వయసులో అమెరికా ప్రధాన చార్టులో నంబర్ వన్ అయింది, అరవై ఏళ్లు దాటిన పాత క్రిస్మస్ పాటతో. అది కూడా మంచి వార్తే. కానీ షెర్ సాధించింది వేరు. పాత పాట మీద జనానికి ఉండే మమకారం ఆమెకి అక్కరకు రాలేదు. కొత్త పాట, కొత్త శబ్దం, తన పిల్లల వయసున్నవాళ్లతో పోటీ. కైలీ విషయంలోనూ నాకు నచ్చింది అదే. 'పదమ్ పదమ్' పాత కైలీని గుర్తుచేయడానికి చేసిన పాటలా ఉండదు. వీళ్లను పాత జ్ఞాపకాల పెట్టెలో పెట్టి మూత వేయాలని చూసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చందు99 | మంగళవారం, ఉదయం 8:45

అందరికీ థ్యాంక్స్. ఈ చర్చ చదివి ఈ మూడు రోజులూ ఆ పాటే వింటున్నా. ఒక డౌటు. రెండో చరణం దగ్గర పాట మూడ్ మారినట్టు అనిపించింది. మొదటి చరణంలో బతిమాలుతున్నట్టు ఉంటుంది. రెండో దాంట్లో ఆలోచించుకున్నాను, నీకు నేను ఎక్కువేనేమో అన్నట్టు ధీమా వస్తుంది. ఒక్కసారిగా ఈ మార్పు ఎలా వచ్చింది? ఆరుగురు రాశారు కాబట్టా?

శారద_డల్లాస్ | మంగళవారం, ఉదయం 11:30

చందూ, నీ చెవి మంచిది. ఆ రెండు పంక్తులు షెర్ రాసినవే!

న్యూయార్క్ టైమ్స్ కథనంలోనే ఉంది. స్నానాల తొట్టిలో పడుకుని, కుళాయిలో కాలి బొటనవేలు పెట్టి ఆడుకుంటూ పాట మాటలు అనుకుంటోందట. ఎంతసేపూ ఈ ఏడుపేమిటి, ఒక చరణం ఏడవచ్చు, రెండు చరణాలూ ఏడవడం బాగాలేదు అనిపించింది. అక్కడికక్కడ ఆ పంక్తులు కట్టింది.

ఆ రెండు పంక్తులు తీసేసి పాటని ఊహించుకో. వదిలేసినవాడి కోసం ఏడ్చే ఇంకో పాట అవుతుంది, అంతే. పల్లవిలో 'ప్రేమ పోయాక కూడా బతుకు ఉంటుందని నమ్ముతావా' అని ఆమె అడిగే ప్రశ్నకి బలం వచ్చిందే ఈ మలుపు వల్ల. కిరణ్ వాళ్ల పెద్దన్నలు కుర్చీలోంచి లేచేది కూడా దీనికే అని నా నమ్మకం.

రచయితల జాబితాలో మాత్రం హిగ్గిన్స్, మెక్‌లెనెన్, బారీ, టార్చ్, గ్రే, పవెల్ అని ఆరు పేర్లే ఉంటాయి. ఆమె పేరు లేదు. వాసు గారూ, మీ మొదటి ప్రశ్న గొంతుదా, యంత్రానిదా అని కదా. నేనైతే దాంట్లోకి ఈ పంక్తులను కూడా చేర్చమంటాను. గొంతు ఆమెది, ఆ శబ్దాన్ని ఉంచాలన్న పట్టు ఆమెది, పాటని తిప్పిన మాటలూ ఆమెవే. ఏడో పేరుగా షెర్ అని ఇప్పటికైనా చేర్చాలి.

సౌండ్ శీను | మంగళవారం, మధ్యాహ్నం 2:05

ఇది నాకు తెలియదు శారద గారూ. ఈ వారం స్టూడియోకి వచ్చే ప్రతి కొత్త గాయనికీ ఈ పాట వేసి, ముందు ఆ చరణం వినమంటాను, తర్వాతే ఎఫెక్ట్ సంగతి.